రెండో కుర్చీ

షాపు పెట్టుకుందామనుకునేవాళ్ళు ఈ మధ్య మా ఆయన దగ్గరికి సలహా కోసం వస్తున్నారు. ఎక్కడ పెట్టాలి, ఎవరిని పనిలో పెట్టుకోవాలి, ఏ తప్పులు చేయకూడదు అని అడుగుతుంటారు. కర్టెన్ వెనక తువ్వాళ్ళు మడతపెట్టుకుంటూ నేను నవ్వాపుకుంటాను. తప్పుల గురించి ఆయన్ని అడగడం సరైన పనే లెండి. చిన్న వ్యాపారంలో చేయకూడనివన్నీ ఒక్కటీ వదలకుండా చేసిన మనిషి ఈ చుట్టుపక్కల ఇంకొకరు దొరకరు.

వాళ్ళు చెప్పిందంతా విని ఆయన తాపీగా, "పెట్టుకున్న మనిషికి ముందు మీ తల ఇవ్వండి," అంటారు. అంతటితో ఆపేసి పేపరు తిరగేస్తారు. పాపం, వచ్చినవాళ్ళు అయోమయంగా కర్టెన్ వైపు చూస్తారు. ఆ మాట వెనక ఏముందో చెప్పాల్సింది నేనే కనుక చెబుతున్నాను.

మాది సెలూన్. ముందు గది షాపు, వెనక రెండు గదులు ఇల్లు, మధ్యలో ఒక నీలం కర్టెన్. షాపులో చీమ చిటుక్కుమన్నా నాకు వినిపిస్తుంది. నా వంటింట్లో గిన్నె కింద పడితే గడ్డం గీయించుకుంటున్నవాళ్ళు ఉలిక్కిపడతారు. తువ్వాళ్ళు ఉతకడం, ఆరేయడం, మడతపెట్టడం నా పని. అది కాక ఇంకో ఉద్యోగం కూడా ఉండేది నాకు. నెలకోసారి చేతి అద్దం పట్టుకోవడం.

ఎందుకంటే, మా ఆయన తన జుట్టు తానే కత్తిరించుకునేవారు. చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు కత్తిరించేవారట. ఈ విద్య నేర్పిందీ ఆయనే. ఆ మహానుభావుడు పోయాక మా ఆయన ఇంకొకరి కత్తెరకు తల వంచలేదు. సెలవు రోజు పొద్దున్నే పెద్ద అద్దం ముందు నిలబడేవారు. నేను వెనక చేతి అద్దం పట్టుకుంటే, అందులో చూసుకుంటూ, చెయ్యి వెనక్కి తిప్పి, ఒక్క వెంట్రుక ఎక్కువ తక్కువ కాకుండా కత్తిరించుకునేవారు. నడినెత్తిన జుట్టు పల్చబడడం మొదలైన దగ్గర్నుంచీ నేను అద్దాన్ని కాస్త కిందికి వంచి పట్టుకునేదాన్ని. మెడ దగ్గర కనిపిస్తే చాలు కదా పనికి. పైన ఏముందో తెలిసి ఆయన బావుకునేదేముంది?

ఇక ఆయన తప్పులు. మొట్టమొదటి షాపు మేడమీద పెట్టారు. అద్దె తక్కువ, గాలి బాగా వస్తుంది అన్నారు. గాలి బాగానే వచ్చింది, మనుషులే రాలేదు. కటింగ్‌కి క్రమం తప్పకుండా వచ్చేది పెద్దవాళ్ళు. వాళ్ళు ఆ నిటారు మెట్లు చూసి కింద నుంచే చెయ్యి ఊపి వెళ్ళిపోయేవారు. మెట్ల కింద బోర్డు పెట్టండీ అంటే, మెట్లెక్కలేనివాళ్ళు బోర్డు చదివి ఏం చేస్తారు అన్నారు. నిజమే, బోర్డు మాట మానేశాను.

తర్వాత ఇప్పుడున్న ఈ కింది షాపుకి వచ్చాం. వచ్చామో లేదో చుట్టాలు మొదలయ్యారు. మనవాళ్ళేగా, మనవాళ్ళేగా అంటూ ఆయన ఎవరి దగ్గరా పైసా పుచ్చుకునేవారు కాదు. మా తమ్ముడైతే మరీను. బావ చేతి కటింగ్ బావమరిదికి కాక ఇంకెవరికి అంటూ తను వచ్చేదే కాకుండా, తన ఆఫీసులో వాళ్ళని కూడా వెంటబెట్టుకొచ్చేవాడు. డబ్బిచ్చేవాళ్ళు బెంచీ మీద, ఇవ్వనివాళ్ళు కుర్చీలో. చూసి చూసి ఒకరోజు కర్టెన్ తోసుకుని నేనే బయటికి వచ్చాను. ఏం మాట్లాడానో ఇక్కడ రాయను. మా తమ్ముడు ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. కటింగ్‌కి మాత్రం ఇక్కడికే వచ్చాడు, డబ్బిచ్చి.

ఆ పైన మొహానికి ఆవిరి పట్టే మిషనొకటి కొన్నారు. తియ్యగా మాట్లాడే సేల్స్‌మాన్ ఒకడు వచ్చి, ఇది లేని సెలూన్ సెలూనే కాదన్నాడు. మా దగ్గరికి వచ్చే మేస్టారి మొహానికి, మందుల షాపాయన మొహానికి ఆవిరెందుకండీ, ఏం కావాలో వాళ్ళని ఒక్క మాట అడగండీ అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేనా! తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. ఆ మిషన్ కడ్డీలు మాత్రం గట్టివి. వానాకాలంలో దాని మీద తువ్వాళ్ళు చక్కగా ఆరుతాయి.

ఇవన్నీ చెప్పి ఆయన్ని తీసిపారేస్తున్నానని అనుకోకండి. ఆయన చేతిలో కత్తెర ఆడే చప్పుడు తలుచుకుంటే నాకు ఇప్పటికీ హాయిగా ఉంటుంది. నా పెళ్ళైన కొత్తలో ఆ చప్పుడు వింటూనే ఈ ఇంటికి అలవాటు పడ్డాను. ఆ తప్పులన్నీ నష్టంతో పోయాయి, నవ్వుకోవడానికి మిగిలాయి. అసలు తప్పు తర్వాత వచ్చింది. దాన్ని తప్పని నేను కూడా మొదట్లో అనుకోలేదు.

ఆయనకి కుడి భుజం పట్టేసింది. ముందు నొప్పి అన్నారు, తర్వాత బరువు అన్నారు, చివరికి చెయ్యి భుజం దాటి పైకి లేవడమే కష్టమైంది. డాక్టరు తిప్పి చూసి, భుజం బిగుసుకుపోయింది, రోజంతా చెయ్యెత్తి పని చేయడం మానకపోతే రేపు అన్నం ముద్ద ఎత్తడమూ కష్టమే అన్నాడు. కటింగంటేనే చెయ్యెత్తి చేసే పని. షాపు మూసుకుంటే ఎలా బతుకుతామన్నది ఒకెత్తు. ఆ కత్తెర లేకుండా ఈ మనిషి ఎలా బతుకుతాడన్నది ఇంకో ఎత్తు.

అందుకని ఒక మనిషిని పెట్టుకున్నాం. నలభై ఏళ్ళవాడు, వేరే చోట పెద్ద షాపులో పనిచేసి వచ్చాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఆయన్ని అన్నా అనేవాడు, నన్ను వదినా అనేవాడు. అతని కోసం కొత్త కుర్చీ కొని కిటికీ పక్కన వేశాం. దాంతో అతని పేరే రెండో కుర్చీ అయిపోయింది. 'రెండో కుర్చీ వచ్చాడా', 'రెండో కుర్చీ టీ తాగాడా' అని అందరూ అలాగే అనేవారు. అతనూ ఏమీ అనుకునేవాడు కాదు.

పని చూశాను. చాలా మంచి పని. మెల్లగా, శుభ్రంగా, చెవి చుట్టూ దారం పెట్టి గీసినట్టు చేసేవాడు. హమ్మయ్య, ఇక ఆయన కుదురుగా కూర్చుని గడ్డాలు చూసుకుంటారు, తలలన్నీ ఇతను చూసుకుంటాడు, భుజం బాగుపడుతుంది అనుకున్నాను.

అక్కడే ఉంది తిరకాసు. అతను కటింగ్ పూర్తి చేసి దువ్వెన కింద పెట్టడం, మా ఆయన "ఒక్క నిమిషం" అంటూ తన దువ్వెన ఎత్తుకుని అటు రావడం. చెవి పైన ఒక చిన్న కత్తిరింపు, మెడ వెనక ఇంకోటి. అంతే, ఇంకేం లేదు. ప్రతి తలకీ అంతే. కొన్నాళ్ళకి కుర్చీలో ఉన్నవాళ్ళు అతను పని ముగించినా లేవడం మానేశారు. మెడ వంచుకుని, ఆ ఒక్క నిమిషం కోసం కూర్చునేవారు. ఇంకొన్నాళ్ళకి, ఎలాగూ ఆయనే దిద్దాలి కదా, మొదటే ఆయన దగ్గరికి వెళ్తే పోలా అనుకున్నారు. తప్పెలా అవుతుంది? నేనైనా అలాగే అనుకుంటాను.

దాంతో ఏమైంది? మొదటి కుర్చీ కోసం బెంచీ నిండా మనుషులు. రెండో కుర్చీ చాలావరకు ఖాళీ. అతను కిటికీ దగ్గర నిలబడి దువ్వెనలు కడిగేవాడు. కడిగినవే మళ్ళీ కడిగేవాడు. మా ఆయన పళ్ళ బిగువున నొప్పి ఓర్చుకుంటూ తలలన్నీ తానే చేసుకుని, సాయంత్రానికి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూలబడేవారు. పైగా ఫిర్యాదొకటి, ఇతన్ని పెట్టుకుని ఏం లాభం, ఇతని చేతికి ఎవరూ రావడం లేదు అని. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే.

ఒక మధ్యాహ్నం ఆయన కాస్త నడుం వాల్చిన వేళ, రెండో కుర్చీ కర్టెన్ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. నెలాఖరుకి వెళ్ళిపోతానన్నాడు. ఎవరేమన్నారు నాయనా అని అడిగాను. ఎవరూ ఏమీ అనలేదన్నాడు. తర్వాత అసలు మాట చెప్పాడు.

"అన్న మంచాయనే వదినా. కానీ నేను దువ్వెన దించగానే ఆయన దువ్వెన ఎత్తుతారు. ఇంక నేను చేసింది పని అని ఎవరనుకుంటారు? ఈ మధ్య నాకే అనుమానం వస్తోంది, నాకు పని వచ్చా అని."

అతను కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి సర్దిచెప్పేదాన్ని. అలా మెల్లగా అనేసరికి మడతపెడుతున్న తువ్వాలు పక్కన పెట్టేశాను. పనివాడు పోతే ఇంకొకడు వస్తాడు. కానీ ఆ వచ్చినవాడికీ ఈయన ఇదే చేస్తారు. ఈ లోపల ఆ చెయ్యి పూర్తిగా పడిపోతుంది. నాకు ఒక్కసారిగా అంతా కళ్ళకు కట్టింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగేశాను. పొద్దున అతను కత్తిరించిన మందుల షాపాయన తలలో ఏం తప్పు కనిపించింది, ఏం దిద్దారు చెప్పండి అన్నాను. ఆయన ఆలోచించారు. దానికీ ఏమీ దొరకలేదు. నిన్నటి తలకీ దొరకలేదు.

"ఏం లేదు. ఊరికే," అన్నారు.

"మీ ఊరికేకి అతను వెళ్ళిపోతున్నాడు. తెలుసా?"

ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా. ఒంటికాలి మీద లేచారు. నా షాపు, నా పేరు, నా చేతి కోసం వచ్చేవాళ్ళు, తప్పుంటే దిద్దొద్దా అన్నారు. తప్పు లేదని ఇప్పుడే చెప్పారు కదా అన్నాను. దాంతో పళ్ళెం పక్కకి జరిపేశారు. ఎడం చేత్తో కుడి భుజం పట్టుకుని ఉన్నారు. గొంతు తగ్గించి అన్నారు.

"అతని చేతికి అలవాటు పడ్డారనుకో, ఇంక నా కోసం ఎవరొస్తారే?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన భయపడడం నేను చూడలేదు. మేడమీది షాపు మూసినప్పుడు కూడా ఈల వేసుకుంటూ మెట్లు దిగిన మనిషి. నాకు కోపం పోయింది, ఏడుపొచ్చింది. నేనొస్తాను లెండి, అద్దం పట్టుకోవడానికి అన్నాను. ఆయన నవ్వలేదు.

ఆ వారం సెలవు రోజున ఎప్పటిలాగే పెద్ద అద్దం ముందు నిలబడ్డారు. నేను చేతి అద్దం పట్టుకున్నాను. చెవుల పక్కన కత్తిరించుకున్నారు, ముందు కత్తిరించుకున్నారు. అంతకుముందు నెలల్లో ఎలాగో వెనక్కి పోయిన చెయ్యి ఈసారి మాత్రం పోలేదు. పళ్ళు బిగించి ఎత్తబోతే కత్తెర జారి నేల మీద పడింది. ఎడం చేత్తో చూశారు, కుదరలేదు. నువ్వు కాస్త కానియ్యమన్నారు నాతో. కరివేపాకు దూసే చెయ్యి నాది, నేను కత్తిరిస్తే మీరు ఆరు నెలలు టోపీ పెట్టుకోవాలి అన్నాను. కత్తెర తీసి ఆయన చేతికిచ్చాను. దాన్ని తుడిచి పెట్టెలో పెట్టేశారు.

అలా ముందు కటింగ్, వెనక అడవి. అదే అవతారంతో షాపులో తిరిగారు. బెంచీ మీద వాళ్ళకి మంచి కాలక్షేపం దొరికింది. వంటవాడింట్లో పస్తులా అని మేస్టారు అన్నారు. ఈ మేస్టారు బళ్ళో పిల్లల్ని నిలబెట్టి నిలబెట్టి, రిటైరయ్యాక మమ్మల్ని పట్టుకున్నారు. మా తమ్ముడు ఇంకో అడుగు ముందుకేసి, బావా, వెనక జడ వేయించుకుంటావా, మా ఆవిడ దగ్గర రిబ్బనుంది అన్నాడు. ఆయన నవ్వేసేవారు. కానీ పని మధ్యలో ఎడం చెయ్యి మెడ వెనక్కి పోయి ఆ పెరిగిన జుట్టు తడుముకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

నెలాఖరు దగ్గరపడింది. రెండో కుర్చీ తన కత్తెరలు గుడ్డలో చుట్టి పెట్టుకోవడం కూడా మొదలుపెట్టాడు. ఆయనతో నేను మళ్ళీ ఆ మాటెత్తలేదు. చెప్పాల్సింది చెప్పాను, ఇంక చెబితే సాధింపవుతుంది.

ఆ చివరి వారంలో ఒక పొద్దున షాపు నిండా జనం ఉన్నారు. మొదటి కుర్చీలో ఎవరికో గడ్డం గీయడం అప్పుడే అయింది. తర్వాత మేస్టారి వంతు. ఆయన పేపరు మడిచి బెంచీ మీంచి లేస్తుండగా మా ఆయన ఆగమన్నట్టు చెయ్యి చూపించారు. మేకుకి ఉన్న ఉతికిన గుడ్డ తీసుకున్నారు. దాన్ని దులిపి, నేరుగా వెళ్ళి, రెండో కుర్చీలో కూర్చున్నారు.

"తమ్ముడూ, కాస్త నాకు కానియ్యి," అన్నారు.

నేను తువ్వాళ్ళ బుట్ట అక్కడే దించేసి కర్టెన్ పక్కకి లాగి నిలబడ్డాను. రెండో కుర్చీ చేతిలోని దువ్వెన బల్ల మీద పెట్టాడు. తర్వాత చేతులు కడుక్కుని వచ్చి, ఆ గుడ్డ ఆయన మెడ చుట్టూ కప్పి, వచ్చినవాళ్ళందరినీ అడిగినట్టే అడిగాడు, ఎలా చెయ్యమంటారన్నా అని.

జీవితమంతా ఆ ప్రశ్న అడిగిన మనిషికి జవాబు తెలియలేదు. అద్దంలో నన్ను చూశారు. నేను తల ఊపాను.

"నీకెలా తోస్తే అలా," అన్నారు.

కత్తెర మొదలైంది. అది మా ఆయన కత్తెర చప్పుడు కాదు, ఇంకాస్త నెమ్మది. ఆయన కళ్ళు మూసుకున్నారు. కానీ గుడ్డ కింద కుడి చేతి వేళ్ళు ఊరుకోలేదు. అవతల కత్తెర ఆడినప్పుడల్లా ఇవతల గుడ్డ కింద రెండు వేళ్ళు ఆడుతున్నాయి. గుడ్డ కదలడం నాకు కనిపిస్తోంది, మేస్టారికీ కనిపిస్తోంది. ఎవరూ నవ్వలేదు. చెవి వెనక్కి వచ్చేసరికి ఆ వేళ్ళు నెమ్మదించాయి. మెడ దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాయి.

అతను దువ్వెన దించాడు. మెడ మీది వెంట్రుకలు దులిపి, చేతి అద్దం తీసి వెనక పట్టుకున్నాడు. పైన, కింద, అటు, ఇటు, మొత్తం కనిపించేలా తిన్నగా పట్టుకున్నాడు. మా ఆయన కళ్ళు తెరిచి చూసుకున్నారు. చూస్తూనే ఉన్నారు. గుడ్డ కిందనుంచి ఎడం చెయ్యి బయటికి వచ్చింది. ఆ చెయ్యి దువ్వెన మీదికి పోతుందనుకున్నాను. పోలేదు. మెల్లగా మెడ వెనక తడుముకుని, మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

"బాగుంది," అన్నారు. తర్వాత అద్దంలోంచే నా వైపు చూసి, "నడినెత్తిన ఇంత పల్చబడిందని ఒక్కసారైనా చెప్పావటే?" అన్నారు.

మీరు అడిగారా అన్నాను. షాపంతా గొల్లుమంది. రెండో కుర్చీ నవ్వడం నేను మొదటిసారి చూశాను, కొంచెం ఎత్తుపళ్ళ మనిషి. నవ్వులన్నీ అయ్యాక మా ఆయన లేచి, గుడ్డ తానే దులిపి, రండి మేస్టారూ, కూర్చోండి అన్నారు, రెండో కుర్చీ చూపిస్తూ. తాను పోయి బెంచీ మీద, మేస్టారు ఖాళీ చేసిన చోట కూర్చుని పేపరు తీసుకున్నారు.

మేస్టారి తలలో పెద్దగా పనుండదు. అయినా రెండో కుర్చీ తన తీరులో తాను చేశాడు. అయ్యాక దువ్వెన దించాడు. మేస్టారు లేవలేదు. అలవాటు ప్రకారం మెడ వంచుకుని కూర్చున్నారు. బెంచీ మీద వాళ్ళందరూ మా ఆయన వైపు తిరిగారు. రెండో కుర్చీ కూడా చూశాడు, అద్దంలోంచి. పేపరు వెనక ఆయన చూపుడువేలు ఒకసారి కదిలింది. నేను చూశాను.

"ఇంకేం లేదు మేస్టారూ," అన్నారు పేపరు దించకుండానే. "అయిపోయింది. లేవండి."

మేస్టారు లేచారు. బెంచీ మీద ఆ తర్వాతి మనిషి వెళ్ళి రెండో కుర్చీలో కూర్చున్నాడు. గుడ్డలో చుట్టిన కత్తెరలు ఆ మధ్యాహ్నమే మళ్ళీ అద్దం ముందు బల్ల మీదికి వచ్చాయి.

ఇప్పుడు తలలు అతనివి, గడ్డాలు ఈయనవి. ఎత్తు స్టూలు మీద కూర్చుని, చెయ్యి ఎత్తే అవసరం లేకుండా గీస్తారు. భుజం చాలావరకు వదిలింది, పై అలమరలో డబ్బా అందుకోగలుగుతున్నారు. ఎవరొస్తారే అని భయపడ్డారు కదా, గడ్డం లేనివాళ్ళు కూడా కబుర్ల కోసం ఆయన కుర్చీలోకే వస్తున్నారు.

కటింగ్ చేయించుకున్న ఆ రోజు అన్నం తింటూ ఆయన ఒక మాట అన్నారు. కళ్ళు మూసుకుని కూర్చుంటే నాన్న చేత్తో కత్తిరించినట్టే ఉందే అన్నారు. ఇంకేదో అనబోయి, చారు పొయ్యమన్నారు. పోశాను.

ఇప్పుడు నెలకోసారి ఆయన రెండో కుర్చీలో కూర్చుంటారు. వేళ్ళు కదలవు, నిద్రపోతారు. చేతి అద్దం ఆ కుర్చీ పక్కన మేకుకి ఉంటుంది. నాకు ఆ ఉద్యోగం పోయింది.